నవషోడశేశ్వర స్వామివారి ప్రదక్షిణం

అంగుళాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చిన ఉదయం పొలమూరి జోగారావు పార్వతమ్మగారి వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అందులో వింతేమీ లేదు. గోనెపూడిలో ఆయన ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరు పిలిచి చేతిలో గ్లాసు పెట్టేవారు. ఆయన మునిసిపాలిటీ మంచినీళ్ళ పంపుహౌసుకి అసిస్టెంట్ ఇంజనీరు. కాలవనీళ్ళు తోడి ట్యాంకుకి ఎక్కించే పాత పంపు ఆయన అజమాయిషీలో ఉండేది. కుళాయి తిరగ్గానే ఆడవాళ్ళు "నీళ్ళ జోగారావుగారు చల్లగా ఉండాలి" అనుకునేవారు. ఉద్యోగంలో చేరిన కుర్చీలోనే జుట్టు నెరిసిపోతోందన్న దిగులు ఆయనకి ఉన్నమాట నిజమే గాని, ఆ మాట చెవినపడ్డ పూట అది కాస్త తగ్గేది.

ఉత్తర్వు ప్రమాణ శుద్ధి సంచాలక కార్యాలయం నుంచి వచ్చింది. అలాంటి కార్యాలయం ఒకటుందని గోనెపూడిలో ఎవరికీ తెలీదు. తెలియాలనే ఉత్తర్వు ఇచ్చారు కాబోలు. జాయింట్ డైరెక్టరు చిత్తరంజన్‌గారు స్వహస్తాలతో రాసిన వాక్యాలు అందులో ఇలా ఉన్నాయి: "ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయడమేమనగా, అంగుళము అనునది పరాయి పాలన మన మీద వదిలిపోయిన వికారము అయినందున, నేటినుండి అంగుళము లేదు. ఇదివరలోనూ లేదని భావించవలెను. అంగుళపు కొలతగల పానాలు, సాకెట్లు వగైరా పనిముట్లన్నీ దసరాలోగా జమచేయవలెను. ఎటువైపు తిప్పితే అటు సర్దుకుపోయే స్క్రూపానాలు ఏ కొలతకూ నిబద్ధత లేనివి అయినందున వాటిని కూడా జమచేయవలెను."

పనిముట్లు జమ చేసినంత సులువుగా పంపుని జమ చేయడం కుదరదు. అది దొరలనాటి పంపు. దాని నోటికి బిగించిన ఇనప మూత చుట్టూ బోల్టులున్నాయి. ప్రతి బోల్టూ ఒక లోతైన గుంటలో దిగబడి ఉంటుంది. గుంటలోకి దిగి బోల్టు తలని టోపీలా పట్టుకునే సాకెట్ ఉంటే తప్ప అక్కడ మరో పనిముట్టు దూరదు. ఆ సాకెట్ కొలత అంగుళంలో తొమ్మిది బై పదహారు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే పద్నాలుగు దాటి చిల్లర. ఆ చిల్లర దగ్గరే మొదలయింది గొడవంతా.

జిల్లా కేంద్రంలో జరిగిన అవగాహన సదస్సులో జోగారావు లేచి నిలబడి ఈ సంగతి వినయంగా విన్నవించుకున్నాడు. పద్నాలుగు మిల్లీమీటర్ల సాకెట్ బోల్టు మీదికి ఎక్కదనీ, పదిహేనుది ఎక్కుతుంది గాని జారిపోయి బోల్టు మూలలు అరగదీస్తుందనీ చెప్పాడు. చిత్తరంజన్‌గారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉంటారు.

"జోగారావుగారూ, సాకెట్ ఎక్కకపోవడం సాకెట్ దోషం కాదు. అది బోల్టు యొక్క దృక్పథ లోపం" అన్నారు.

అయినా పెద్దమనసు చేసుకుని తత్సమాన పట్టిక తయారుచేయడానికి ఒక సంఘాన్ని వేశారు. ఏ అంగుళపు సాకెట్‌కి ఏ మిల్లీమీటరు సాకెట్ జోడీయో అది తేలుస్తుంది. ముప్పావు అంగుళానికి పంతొమ్మిది మిల్లీమీటర్లదని ఇట్టే తేలిపోయింది. అది నిజంగానే సరిపోతుంది కాబట్టి సంఘం దానిమీద ఎక్కువసేపు ఉత్సాహం చూపించలేదు. తొమ్మిది బై పదహారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సభ్యులు రెండుగా చీలిపోయారు. పద్నాలుగు వర్గం చిల్లరని వదిలేయాలంది. పదిహేను వర్గం చిల్లరకి గౌరవం ఇవ్వాలంది. ఇడ్లీలు వచ్చాయి, వడలు వచ్చాయి, భోజనాలు కూడా అయ్యాయి. సాయంత్రానికి అధ్యక్షులవారు రాజీ కుదిర్చారు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది గనక సదరు బోల్టుని ఎండాకాలంలో పదిహేనుగానూ చలికాలంలో పద్నాలుగుగానూ పరిగణించాలి. వర్షాకాలంలో స్థానిక అధికారి విచక్షణకి వదిలేశారు.

ఎవరూ ఒక బోల్టు తెప్పించి చూద్దామనలేదు. బోల్టు తెప్పిస్తే అంగుళం ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని సంఘం జాగ్రత్త పడింది.

జోగారావు ఆ పట్టిక పట్టుకొచ్చి హెడ్ మెకానిక్ చంటిబాబుకి చదివి వినిపించాడు. చంటిబాబు భారీ మనిషి, భారీగానే నవ్వుతాడు. ఆ రోజు నవ్వలేదు.

"బోల్టుకి సలేసిద్దని ముడుచుకుంటాదాండి?" అని మాత్రం అడిగాడు.

దసరా వచ్చింది. పంపుహౌసులో ఆయుధపూజ ఏటేటా ఘనంగా చేస్తారు. పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, అమ్మవారి పటం కింద గూట్లో వరసగా పేరుస్తారు. పూజ అయ్యాక మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిమీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అంగుళపు సాకెట్ల పెట్టె జమచేయాల్సిన ఆఖరు రోజూ, పూజ రోజూ ఒకటే అయ్యాయి. పూజ కానిద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నాడు జోగారావు. నిజానికి పెట్టె ఇచ్చేయడం ఆయనకి బొత్తిగా ఇష్టంలేదు. ఇచ్చేస్తే పంపుకి జబ్బు చేసినరోజు ఊరికి ఏం సమాధానం చెప్పాలో ఆయనకి తోచలేదు.

సరిగ్గా హారతి ఇస్తున్నప్పుడు చిత్తరంజన్‌గారి జీపు ఆగింది. తనిఖీ అట. గూట్లో పసుపు పూసుకుని కూర్చున్న తొమ్మిది బై పదహారు సాకెట్‌ని ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

"ఇది నిషిద్ధ పనిముట్టు కదా" అన్నారు.

జోగారావు ఒక అడుగు ముందుకేశాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేశాడు. "పనిముట్టు కాదు సార్. దేవుడు."

అబద్ధం అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. చిత్తరంజన్‌గారు సాకెట్ వైపు చాచిన చెయ్యి అలాగే మడిచి నమస్కారం పెట్టేశారు. ఆయనకి ప్రభుత్వమంటే ఎంత భక్తో, ప్రభుత్వం చెయ్యలేని పనులు చేసేవాళ్ళంటే అంతకన్నా భయం. పనిముట్ల జమ నూటికి నూరుపాళ్ళు పూర్తయిందనీ, గూట్లో ఉన్నవి పూజావస్తువులనీ అక్కడికక్కడే రాసుకున్నారు. ఇంత చక్కగా ఉత్తర్వు అమలుచేసినందుకు డిప్యూటీ ఇంజనీరు పదోన్నతికి మీ పేరు సిఫార్సు చేస్తానని జోగారావు భుజం తట్టారు. ఆ రాత్రి జోగారావు ఇంట్లో పాయసం వండారు.

పాయసం అరిగేలోగా దేవాదాయశాఖ నుంచి ఈవో సుబ్బరాయుడుగారు దిగారు. చిత్తరంజన్‌గారు పద్ధతి ప్రకారం నివేదిక నకలు ఆ శాఖకి పంపారు. ప్రభుత్వ స్థలంలో ఉన్న దేవుణ్ణి శాఖకి చెప్పకుండా మీరెలా ఉంచుకుంటారని ఈవోగారు అడిగారు. వారం తిరిగేసరికి గూటికి ఇత్తడి గ్రిల్లు, గ్రిల్లుకి తాళం, పక్కన హుండీ, పైన బోర్డు వెలిశాయి. తొమ్మిదీ పదహారూ సంస్కృతంలో చెప్తే హుందాగా ఉంటుందని ఈవోగారే పేరు పెట్టారు: శ్రీ నవషోడశేశ్వర స్వామివారి దేవస్థానం. సాకెట్‌ని తగిలించి తిప్పే రాట్చెట్ హ్యాండిలు అమ్మవారయింది. తక్కిన సాకెట్లు పరివార దేవతలయ్యాయి. పొద్దునా సాయంత్రం అర్చన, శనివారం నూనెతో అభిషేకం. ఆ నూనె వల్ల స్వామివారికి తుప్పు పట్టలేదు. శాఖ చేసిన మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే.

జోగారావు మాత్రం లోలోపల గింజుకున్నాడు. బోల్టుకీ దాని సాకెట్‌కీ మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో ఇప్పుడు రెండు శాఖలు కూర్చున్నాయి.

చలికాలం వెళ్ళి ఎండలు ముదిరాక పంపు గాలి పీల్చడం మొదలెట్టింది. అదురుకి బోల్టులు వదులయ్యి మూత సందుల్లోంచి గాలి చొరబడుతోంది. గాలి చొరబడితే నీళ్ళు ఎక్కవు. కుళాయిలు బుసలు కొట్టి ఊరుకున్నాయి. చంటిబాబు పట్టిక ప్రకారం ఎండాకాలం కాబట్టి పదిహేను సాకెట్ పెట్టి తిప్పాడు. అది గుంటలో గిర్రున తిరిగి బోల్టు మూల కాస్త కొరికింది. రెండోసారి తిప్పడానికి ఆయనకి చెయ్యి రాలేదు. ఇంకా పాడుచేస్తే అసలు సాకెట్ వచ్చినా పట్టదని కింద పెట్టేశాడు.

జోగారావు ఈవోగారి దగ్గరికి పరిగెత్తాడు. స్వామివారిని ఓ అరగంట ఇప్పించమని బతిమాలాడు. మూలవిరాట్టుని అద్దెకివ్వడం శాఖ సంప్రదాయం కాదన్నారు ఈవోగారు. ఊరు దాహంతో ఉందంటే, దర్శనానికి రమ్మన్నారు. జోగారావు ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసుల్లో నలిగినవాడు. గుమ్మందాకా వచ్చి ఆగి, వెనక్కి తిరిగాడు.

"పోనీ, స్వామివారు ప్రదక్షిణం చెయ్యవచ్చాండీ?"

ఈవోగారు ఆలోచించారు. ప్రదక్షిణం శాస్త్రసమ్మతమే. దేని చుట్టూ అన్నది స్వామివారి ఇష్టం. బోల్టు తలని కౌగిలించుకుని తన చుట్టూ తానే తిరుగుతానంటే అది ఆత్మప్రదక్షిణం, ఇంకా శ్రేష్ఠం. అనుమతి దొరికింది. ఒకటే షరతు పెట్టారు. ప్రదక్షిణం కుడివైపుకే జరగాలి. ఎడమవైపుకి తిప్పితే అపచారం, ఊరికి అరిష్టం, శాఖకి ఆడిట్ అభ్యంతరం.

బోల్టు కుడికి తిప్పితేనే బిగుస్తుంది. ఆ రోజుకి కావలసిందీ అదే. మేళతాళాలతో స్వామివారు గుంటలోకి వేంచేశారు. చంటిబాబు పట్టుపంచె కట్టుకుని బోల్టులన్నీ ఒక్కొక్కటీ బిగించాడు. స్విచ్చి వేశారు. పంపు ఒకసారి దగ్గి, నీళ్ళు అందుకుంది. ఆ సాయంత్రం జోగారావు తిరగని వీధి లేదు, తాగని కాఫీ లేదు.

నీళ్ళిచ్చిన దేవుడని పేరు పడ్డాక జనం ఆగుతారా. ఆత్మప్రదక్షిణ సేవ నిత్యసేవ అయిపోయింది. టిక్కెట్టు కొన్నవాళ్ళు హ్యాండిలు పట్టుకుని స్వయంగా తిప్పవచ్చు. పెళ్ళి కుదరనివాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, కోర్టు వాయిదాలున్నవాళ్ళు పొద్దున్నే వరసలో నిలబడేవారు. ఇంతమంది రోజూ బిగిస్తూ పోతే బోల్టు ఏమవుతుందో చంటిబాబుకి తెలుసు. రాట్చెట్ హ్యాండిలు వీపున ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని ఎడమకి నొక్కి ఉంచితే, కుడికి ఎంత తిప్పినా హ్యాండిలు కిర్రుకిర్రుమని చప్పుడు చేస్తూ వట్టినే తిరుగుతుంది, బోల్టు కదలదు. ఆయన మీటని ఎడమకి నొక్కి, మీద ఒక పూల చెండు కట్టేశాడు. భక్తులు ఆ కిర్రుకిర్రుని స్వామివారు పలకడం అనుకుని కళ్ళు తుడుచుకునేవారు. అలా కొన్నాళ్ళు దేవుడూ బోల్టూ కూడా క్షేమంగా ఉన్నారు.

జోగారావు పదోన్నతి కాగితం మీద ఆఖరి సంతకం పెట్టేముందు చిత్తరంజన్‌గారు స్వయంగా సేవ చేయించుకోవడానికి వచ్చారు. ఆయన వస్తున్నారని ఈవోగారు అమ్మవారిని తానే దగ్గరుండి అలంకరించారు. పాత పూల చెండు తీసేసరికి కింద మీట కనబడింది. ఎడమవైపుకి వాలి ఉంది. ఈవోగారు అదిరిపోయారు. అంతమంది సేవించుకునే అమ్మవారు ఎడమకి వాలడమేమిటని, చంటిబాబు వద్దు వద్దంటున్నా వినకుండా మీటని కుడికి నొక్కేశారు.

చిత్తరంజన్‌గారు తిప్పారు. కిర్రుమనలేదు. స్వామివారు పలకడం లేదేమిటని ఇంకాస్త బలంగా తిప్పారు. భక్తి చాలలేదేమోనని అందరూ అన్నారు. ఆయన కండువా నడుముకి చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, కాలు పంపు మీద ఆనించి లాగారు. టప్పుమంది. బోల్టు తల తెగి స్వామివారి గర్భంలో ఉండిపోయింది. మూత సందులోంచి నీళ్ళు ఆయన ముఖానికి ఫెళ్ళున కొట్టి, ఇస్త్రీ యావత్తూ తడిపి, పంపుతోపాటు ఆగిపోయాయి.

"తీర్థం" అన్నారు ఈవోగారు.

ఇక బాగుచేయాలంటే మూత ఊడదీయాలి. మూత ఊడాలంటే మిగిలిన బోల్టులన్నీ వదులు చేయాలి. అంటే ఎడమకి తిప్పాలి. ఈవోగారు ససేమిరా అన్నారు. చిత్తరంజన్‌గారికి మెకానిక్ చేత కబురు పెడితే, ఉత్తర్వు ప్రకారం అంగుళపు బోల్టు అనేదే లేదు గనక, లేనిది విరిగే ప్రసక్తి ఉత్పన్నం కాదని జవాబు వచ్చింది. జోగారావుకి చాటుగా ఇంకో మాట కూడా చెప్పించారు. పదోన్నతి కాగితం ఈ వారమే కదులుతుందట, ఈ వారం ఎడమచేతి పనులేవీ పెట్టుకోవద్దట.

జోగారావు పెట్టుకోలేదు. సిగ్గు చంపుకుని తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. బయట రోహిణి ఎండ. మునిసిపాలిటీ లారీ ట్యాంకరు వచ్చేసరికి బిందెల మీద బిందెలు పడి ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. సర్కారు ఆసుపత్రిలో బాలింతలకి నీళ్ళు లేవని ఆయా పంపుహౌసుకి బకెట్ పట్టుకుని వచ్చి, గ్రిల్లు ముందు దండం పెట్టుకుని ఖాళీ బకెట్‌తో వెళ్ళిపోయింది. ఊరంతా బిందెలు తెచ్చి స్వామివారి ముందు వరసగా పెట్టి, నీళ్ళియ్యి తండ్రీ అని వేడుకుంటున్నారు. ఆ తండ్రికి ఉన్న శక్తి అంతా నిజమే. నాలుగడుగులు జరిపి ఎడమకి తిప్పితే చాలు.

భార్య పోరు పడలేక జోగారావు ఓ మధ్యాహ్నం ట్యాంకరు కోసం తానూ బిందె పట్టుకుని బయల్దేరాడు. ఆయన్ని చూసి వీధిలో ఎవరూ కాఫీకి పిలవలేదు. తిట్టినా బాగుండేది. చూడనట్టు తలలు తిప్పుకున్నారు. పార్వతమ్మగారు మాత్రం అరుగు మీంచి పిలిచింది. ఆవిడకి కళ్ళు సరిగా కనబడవు, నడకని బట్టి మనుషుల్ని పోల్చుకుంటుంది. లోపలికెళ్ళి గ్లాసు తెచ్చి ఇచ్చింది. అందులో సగానికి మంచినీళ్ళున్నాయి.

"కాఫీకి చాలవు నాయనా. ఎండనపడి వచ్చావు, ఇవి తాగు" అంది.

ఆ సగం గ్లాసు ఇంట్లో ఉన్న నీళ్ళలో ఎంత భాగమో ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళు తాగిన కాఫీలన్నీ ఈ ఒక్క గ్లాసుతో బాకీ పడ్డట్టు అనిపించి ఏడుపొచ్చింది. తాగలేకపోయాడు. గ్లాసు అరుగు మీద పెట్టి, బిందె దాని పక్కనే వదిలేసి, తిన్నగా పంపుహౌసుకి నడిచాడు.

నడిమధ్యాహ్నం, జనం నిండుగా ఉన్నారు. గ్రిల్లు తాళం అర్చకుడి దగ్గర ఉంది. జోగారావు చెయ్యి చాచాడు. అర్చకుడింట్లోనూ పసిపిల్లలున్నారు. ఆయన తాళంచెవి ఆ చేతిలో పెట్టి, సంధ్య వార్చుకోవాలంటూ కాలవ వైపు వెళ్ళిపోయాడు. జోగారావు స్వామివారి మెడలో దండ తీసి పక్కన పెట్టాడు. లోపల ఇరుక్కున్న బోల్టు తల దులిపేసి, పసుపు లాల్చీకి తుడిచాడు. అమ్మవారి వీపున మీట ఎడమకి నొక్కాడు. సాకెట్‌ని గుంటలోకి దించబోతుంటే చంటిబాబు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నేను తిప్పుతానండి. మీ కాగితం సూసుకోండి."

"నువ్వు తిప్పితే నిన్ను తీసేస్తారు" అన్నాడు జోగారావు. "నన్నయితే విచారిస్తారు."

ఎడమకి తిప్పాడు. ఉరుము ఉరమలేదు, గోడ కూలలేదు. బోల్టు కీచుమని కదిలింది. ఒకటి తర్వాత ఒకటి అన్నీ వదులయ్యాయి. మూత ఊడింది. చంటిబాబు విరిగిన ముక్కని బయటికి లాగి, సామాన్ల గదిలో మిగిలిన పాత బోల్టు తెచ్చి వేసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మూత బిగించాడు. ఊళ్ళో కుళాయిలు ముందు దగ్గాయి, తర్వాత ధార కట్టాయి.

జోగారావు సస్పెన్షన్ మెమో మర్నాడే తయారయింది. రెండు శాఖలు కలిసి ఇంత తొందరగా చేసిన పని ఆ జిల్లాలో మరొకటి లేదు. అందులో నేరాలు మూడు. లేని బోల్టుని విప్పుట. నిషిద్ధమైన పనిముట్టుని వాడుట. దేవుణ్ణి ఎడమకి తిప్పుట. మొదటిది నిజమయితే రెండోది జరగదనీ, రెండోది నిజమయితే మూడోది నిలవదనీ గుమాస్తా ఒకాయన గొణిగాడు గాని, మూడింటికీ మూడు సెక్షన్లున్నాయి కాబట్టి అలాగే ఉంచమన్నారు.

సంతకాల కోసం చిత్తరంజన్‌గారూ ఈవోగారూ గోనెపూడి ట్రావెలర్స్ బంగళాలోనే కలుసుకున్నారు. చిత్తరంజన్‌గారి పెన్ను కక్కి వేళ్ళనిండా సిరా అయింది. ఆయన సంతకం పూర్తిచేసి, వరండాలో కుళాయి తిప్పి, సబ్బు రాసుకుని, ఆ సిరా పూర్తిగా వదిలేదాకా తీరిగ్గా చేతులు కడుక్కున్నారు. ఈవోగారు కూడా కాళ్ళు కడుక్కున్నారు. ఇద్దరూ కుళాయి కట్టకుండానే లోపలికి వెళ్ళి కాఫీ తెమ్మన్నారు.